ఖాళీ అనుకున్న చోటు

సెప్టెంబర్ 2, 1993, గురువారం. లా సెరేనా

సిడ్నీ నుంచి హ్యూ ఫోన్ చేశాడు, అక్కడ మాలాగే ఆకాశాన్ని కొలిచే మనిషి. మామూలుగా వాతావరణంతో మొదలుపెడతాడు. ఇవాళ పెట్టలేదు.

ఆగస్టులో వాళ్ళు కూడా పొయ్యిని, అంటే మేం ఆ పేరుతో పిలిచే గెలాక్సీని, కొలిచారట. తగ్గలేదట.

"మూడో వంతు తగ్గిందని నువ్వూ నిబాల్దో వ్యాసంలో రాశారు. మాకు కాస్త కూడా తగ్గలేదు, ఎడెల్మిరా. ఎక్కడో తేడా కొడుతోంది."

"మీ పరికరంలో కొడుతోందేమో."

"కావచ్చు. తీసివేతకు మీరు ఖాళీ చోటు ఏ వైపు తీసుకుంటారు?"

"ఉత్తరం వైపు. ఎప్పుడూ అటే."

"అక్కడ ఏముందో ఎప్పుడైనా చూశారా?"

లైన్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. లైన్ బాగానే ఉంది.

సెప్టెంబర్ 3

హ్యూ పరికరం కొత్తది. ఇంకా కుదురుకోలేదు. కొత్తవాటితో ఇది మామూలే.

సెప్టెంబర్ 6, సోమవారం

శాంతియాగో నుంచి మకరేనా ఫోన్. యూనివర్సిటీ తరఫున పత్రికలతో మాట్లాడే అమ్మాయి, నన్ను మర్యాదగా దోన్యా అంటుంది. నెలాఖరున టీవీవాళ్ళు వస్తున్నారట, వాళ్ళకు అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పమంది. అసలు ఆ గెలాక్సీని పొయ్యి అని ఎందుకంటున్నారని అడిగింది.

"దాని అసలు పేరు ఒక నంబరు. నడిమధ్యలో ఒక కృష్ణబిలం ఉంది. అందులో పడేది ఏదైనా పడేముందు మండుతుంది. కానీ ఆ మంట మనకు కనపడదు, చుట్టూ దట్టంగా మసి. మసి వేడెక్కి సెగ వస్తుంది. మేం కొలిచేది ఆ సెగని."

"సెగని ఎలా చూస్తారు దోన్యా?"

"ఇస్త్రీపెట్టె దగ్గరికి చెంప పెడితే తెలుస్తుందా లేదా? అలాంటి కంటితో. పరారుణం అంటారు."

"అయితే కష్టమేముంది ఇందులో?"

"ఆకాశం కూడా సెగే. మా టెలిస్కోపూ సెగే. టెలిస్కోపు తిప్పే దోన్ రమీరో టీ కెటిలూ సెగే. సంతలో ఆలివ్‌లు తూచేవాడు ముందు ఖాళీ గిన్నె తూస్తాడు చూడు, తర్వాత ఆలివ్‌లు పోసి తూచి, గిన్నె బరువు తీసేస్తాడు. మేం చేసేదీ అదే. పొయ్యి ఉన్న చోటు ఒకసారి, పక్కనే ఏమీ లేని చోటు ఒకసారి. రెండోది తీసేస్తే మిగిలింది పొయ్యి. కాకపోతే మా గిన్నె బరువు లక్ష కిలోలు, ఆలివ్‌లు కిలో."

"మా సంతలో వాడు గిన్నె కింద వేలు కూడా పెడతాడు."

నవ్వాను.

టీవీవాళ్ళు వచ్చేది ముప్పయ్యో తారీకు. అదే రోజు ఉదయం ఉద్యోగాల కమిటీ ముందు, నా దగ్గర పనిచేసే నిబాల్దో మాట్లాడతాడు. కమిటీ ఒప్పుకుంటే అతనికి ఇక్కడే శాశ్వత ఉద్యోగం. ఒప్పుకోకపోతే డిసెంబర్‌తో సరి. ఆ రోజు అతను చెప్పబోయేది ఒక్కటే: ఒక గెలాక్సీ గుండెలో మంట మన కళ్ళముందే ఆరిపోతోంది. ఎనిమిదేళ్ళుగా మేం చూస్తున్నాం.

మంట ఆరిపోతోంది. కొలతలు ఉన్నాయి.

సెప్టెంబర్ 8, బుధవారం. కొండ మీద

మధ్యాహ్నం టెలిస్కోపు దగ్గర, పరికరాన్ని చల్లబరిచే సీసాలో ద్రవ హీలియం నింపుతుండగా నిబాల్దో వచ్చాడు. చేతికి తొడుగులు వేసుకుని గొట్టం పట్టుకున్నాడు. ఒవాయె ఊళ్ళో బస్సు డ్రైవరు కొడుకు, ముప్పై ఏళ్ళు. ఏ పని చేస్తున్నా ఈల వేస్తాడు. ఇవాళ ఈల లేదు.

"బాస్, ఒక మాట."

"చెప్పు."

"ఆ హ్యూ నాక్కూడా ఫోన్ చేశాడు."

"మన కొలతలు తప్పన్నాడా?"

"ఖాళీ ఏ వైపని అడిగాడు." గొట్టం అంచులోంచి తెల్లటి పొగ వస్తోంది, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఒక్కసారి తూర్పు వైపు ఖాళీ పెట్టి చూద్దామా? పావుగంట పని."

"ఎనిమిదేళ్ళూ ఉత్తరమే పెట్టాం. ఇప్పుడు మారిస్తే ఈ ఏటి కొలతని పాతవాటి పక్కన పెట్టగలవా?"

"మార్చి చూసి, మళ్ళీ వెనక్కి పెడదాం."

"మనకి పొయ్యి దక్కేదే తెల్లారేముందు గంటన్నర. అందులో పావుగంట పారబోయమంటావా?"

"అది కాదు బాస్..."

"ఆ చోటు ఎంచింది నేను. ఫోటో పలక మీద భూతద్దం పెట్టుకుని వారం రోజులు చూసి ఎంచాను. అప్పటికి నువ్వు యూనివర్సిటీ గడప కూడా తొక్కలేదు."

"తొక్కాను. మూడో ఏడు."

మూత బిగించి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఈల మొదలుపెట్టాడు. అది విని నాకు హాయిగా అనిపించింది. ఎందుకో రాయను.

సెప్టెంబర్ 9

గాలి. వీలు కాలేదు.

సెప్టెంబర్ 10

గాలి లేదు. సీసాలో హీలియం మధ్యలో అయిపోయింది. మళ్ళీ నింపి, చల్లబడేవరకు ఆగేసరికి తెల్లారిపోయింది. వీలు కాలేదు.

(సాయంత్రం దోన్ రమీరో, "ఇప్పుడే నింపేయనా?" అని అడిగాడు. కాసేపు ఆగమన్నాను.)

సెప్టెంబర్ 13, సోమవారం. లా సెరేనా

ఆఫీసులో ఎవరూ లేని సమయం చూసి పాత ఫోటో పలక తీశాను. కింద దీపం వేసి భూతద్దం పెట్టాను. గాజు మీద నల్లటి చుక్కలు. పొయ్యి ఉన్న గెలాక్సీ ఒక మసక మచ్చ. దానికి ఉత్తరాన నా పెన్సిల్ వలయం ఇంకా చెరగలేదు.

వలయంలో ఏమీ లేదు. రెండుసార్లు చూశాను. ఖాళీ.

హ్యూకి ఇక జవాబు చెప్పొచ్చు. చూశాను అని.

సెప్టెంబర్ 14

ఆ పలక మామూలు వెలుతురుతో తీసింది.

సెప్టెంబర్ 15

హ్యూకి ఫోన్ చేయలేదు.

సెప్టెంబర్ 18, శనివారం

జాతీయ దినోత్సవం. నిబాల్దో ఇంట్లో పిలిచారు. పెరట్లో చువ్వలకు గుచ్చిన మాంసం కాలుతోంది, గుమ్మానికి జెండా, పక్కింటి రేడియోలో కువేకా పాటలు. నా చేతికి మాంసం కూరిన ఎంపనాదా ఇచ్చి నిబాల్దో బల్ల ఎక్కాడు. చేతిలో చిచా గ్లాసు, పులిసిన ద్రాక్షరసం.

"మిత్రులారా, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుందాం. పొయ్యి గారు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ మూడో వంతు పోయారు. మిగతా రెండు వంతులూ నాకు ఉద్యోగం వచ్చేదాకా ఓపిక పడితే చాలు."

అందరూ నవ్వారు. ఎవరో మాంసం కాల్చే నిప్పుల మీద నీళ్ళు చిలకరించారు. "ఆరిపోయింది, ఆరిపోయింది!" అని అరిచారు. నేనూ గ్లాసు ఎత్తాను.

గిన్నెలు తీస్తుండగా వంటింట్లో అతని భార్య యస్నా నా పక్కకు వచ్చింది. బడిలో టీచరు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"దోన్యా, నన్ను అంతొఫగస్తాలో బడికి రమ్మన్నారు. అక్కడైతే ఇతనికీ గని కంపెనీలో ఏదో ఒక ఉద్యోగం దొరికేది."

"మరి?"

"రానని మొన్న రాసిచ్చేశాను. ఇక్కడ పోస్టు ఖాయమని ఇతనంటున్నాడు." చేతులు తుడుచుకుంది. "సరిగ్గానే చేశానా?"

"ఏమీ ఖాయం కాదమ్మా, కమిటీలు కమిటీలే," అన్నాను.

"అది కాదు నేనడిగింది. మీరు చూసింది నిజమే కదా?"

పెరట్లోంచి ఎవరో పిలిచారు. వెళ్ళాను. నిజానికి ఎవరూ పిలవలేదు.

సెప్టెంబర్ 19

ఉత్తరాన ఏదైనా ఉన్నా పెద్ద తేడా రాదు. ఉంటే ఏటా అంతే ఉంటుంది, ఏటా అంతే తీసేస్తాం, ఒక ఏటి కొలతకీ మరో ఏటి కొలతకీ మధ్య తేడా మారదు. లెక్క వేసి చూశాను. తగ్గింది తగ్గిందే.

ఉన్నది మారకుండా ఉంటేనే ఈ లెక్క.

సెప్టెంబర్ 20

ఎనిమిదేళ్ళుగా మసి వెనక దాక్కున్న మంటల్ని వెతకడమే నా పని. మసి వెనక ఉన్నది మామూలు ఫోటోలో పడదని ఏటా విద్యార్థులకు మొదటి పాఠంలో చెబుతాను. ఖాళీ చోటుని మామూలు ఫోటో చూసి ఎంచాను.

సెప్టెంబర్ 22, బుధవారం. కొండ మీద

కమిటీకి ముందు ఇదే ఆఖరి విడత. మూడు తెల్లవారుజాములు. నిబాల్దో శాంతియాగోలో మాట్లాడబోయేదానికి బొమ్మలు గీసుకుంటున్నాడు, రేపు సాయంత్రం గాని రాడు.

పొగమంచు కింద లోయలోనే ఆగింది. ఆకాశం శుభ్రంగా ఉంది. అన్నీ కుదిరాయి.

పొయ్యిని పద్ధతి ప్రకారం కొలిచాను. ఖాళీ ఉత్తరం. ఇంకాస్త తగ్గింది.

వీలు కాలేదు అని రాయబోయాను. వీలైంది. నేనే చూడలేదు.

సెప్టెంబర్ 23

మళ్ళీ అదే.

సెప్టెంబర్ 24, శుక్రవారం. మధ్యాహ్నం

వరసగా రాస్తాను.

పొయ్యి కొలత అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. మామూలు టెలిస్కోపులవాళ్ళు అప్పటికే గుమ్మటాలు మూసి పడుకున్నారు. వాళ్ళకి వెలుతురొస్తే పని అయిపోయినట్టే. మాకు అలా కాదు. మాకు ఆకాశం రాత్రీ వెలుగుతుంది, పగలూ వెలుగుతుంది. ఎండ వచ్చాక కూడా కొలవొచ్చు. పావుగంట పారబోయలేమని నిబాల్దోకి చెప్పిన రోజు ఈ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

దోన్ రమీరో లేచి గుమ్మటం మూసే మీట దగ్గరికి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళుగా ఈ టెలిస్కోపు తిప్పుతున్నది ఆయనే.

"ఇంకో చిన్న పని ఉంది," అన్నాను.

"ఇప్పుడా? సూర్యుడు లోపలికొస్తే నా ఉద్యోగం బయటికెళ్తుంది దోన్యా."

"సూర్యుడి వైపు తిరగదు. నేను పూచీ."

"మీ పూచీ మీద మా ఆవిడకి నమ్మకం లేదు. ఎక్కడికి తిప్పమంటారు?"

"పొయ్యికి ఉత్తరాన."

"ఉత్తరాన ఏముంది?"

"ఏమీ లేదు."

ఆయన నా వైపు ఒకసారి చూసి టెలిస్కోపు తిప్పాడు. ఖాళీ చోటుని పొయ్యి ఉండే స్థానంలో పెట్టాను. తీసివేతకు దానికి ఇంకా ఉత్తరాన మరో చోటు ఎంచాను. రెండు చోట్లనీ మార్చి మార్చి చూపే చిన్నద్దం ఊగడం మొదలైంది, సెకనుకు పదిసార్లు, ఇటూ అటూ. కలం సెగని గీతగా గీసే కాగితం చుట్ట కదిలింది. అక్కడ నిజంగా ఏమీ లేకపోతే కలం అడుగు గీత మీద వణుకుతూ పోవాలి.

కలం లేచింది.

లేచి నిలబడింది. కాగితం మీద మెట్టులా గీత గీసుకుంటూ పోయింది. మబ్బు అనుకున్నాను. తల బయటపెట్టి చూశాను. మబ్బు లేదు. తీసివేతకు తూర్పు చోటు పెట్టించాను. కలం అంతే ఎత్తు. పడమర. అంతే ఎత్తు.

"ఏమీ లేదన్నారు," అన్నాడు దోన్ రమీరో.

"అన్నాను."

అప్పటికి ఎండ గుమ్మటం అంచు మీద పడింది. ఆయన గుమ్మటం మూసేశాడు.

బల్ల మీద లెక్క వేశాను. పొయ్యిలో తగ్గిందనుకున్న మూడో వంతు ఎంతో, కలం లేచిన ఎత్తు దాదాపు అంత. అది ఒక నక్షత్రం అయివుండాలి. తన చుట్టూ తనే మసి కప్పుకుని, ఏటికేడు కాస్త కాస్త సెగ పెరుగుతున్న నక్షత్రం. అది పెరిగినకొద్దీ మేం పొయ్యిలోంచి ఎక్కువ తీసేశాం. గిన్నె బరువెక్కుతోంది, ఆలివ్‌లు తగ్గుతున్నాయని రాసుకున్నాం.

నిబాల్దో భోజనశాలలో రొట్టె మీద అవకాడో రాసుకుంటున్నాడు. రాత్రి ఆలస్యంగా వచ్చి పడుకున్నాడు. నేను కాగితం చుట్ట అతని పళ్ళెం పక్కన పెట్టాను. రొట్టె చేతిలోనే ఉంది, చూశాడు. అడగాల్సిన పని లేదు, కలం గీతలు చదవడం నేర్పింది నేనే.

"ఇది ఉత్తరమా?"

"ఉత్తరమే."

"ఇవాళ చూశారా?"

"ఇవాళే."

రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. "నేనడిగి ఎన్నాళ్ళయింది బాస్?"

కాగితం చుట్ట అంచు సర్దాను.

"పద్ధతి అన్నారు. పావుగంట పారబోయలేం అన్నారు. గడప తొక్కలేదు అన్నారు." గొంతు పెంచలేదు. "నాకు కోపం దాని మీద కూడా కాదు. మీరు వద్దనగానే నాకు హాయిగా అనిపించింది చూడండి, దాని మీద. పెద్దావిడ వద్దంది కదా, ఇక నాకేం సంబంధం అనుకున్నాను. ఈల వేసుకుంటూ పోయాను."

"విన్నాను."

"వింటారని తెలుసు."

కమిటీకి నేను ఫోన్ చేస్తానన్నాను. ఖాళీ ఎంచింది నేను కాబట్టి.

"అక్కర్లేదు. వ్యాసం మీద మొదటి పేరు నాది. పొగిడించుకోవడానికి నేనూ, తిట్టించుకోవడానికి మీరూనా?" లేచాడు. "యస్నాకి ఏమని చెప్పాలో అది మాత్రం మీరు చెప్పండి."

రొట్టె సగం అలాగే వదిలేసి వెళ్ళాడు.

సెప్టెంబర్ 25

హ్యూకి ఫోన్ చేశాను. చూశానని చెప్పాను. "ఉందా?" అన్నాడు. ఉందన్నాను. అతను సంతోషించలేదు. అందుకు అతని మీద గౌరవం పెరిగింది.

సెప్టెంబర్ 27

మకరేనాకి చెప్పాను. టీవీవాళ్ళని ఆపమన్నాను. "మరి వాళ్ళకి ఏం చెప్పను దోన్యా? ఆరిపోలేదని చెప్తే ఎవరొస్తారు?" అంది. ఎవరూ రారు.

యస్నా ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే నిలబెట్టింది. "ఆ రోజు ఎవరో పిలిచారని బయటికెళ్ళారు," అంది. "నేను కిటికీలోంచి చూశాను. ఎవరూ పిలవలేదు."

సెప్టెంబర్ 30, గురువారం. శాంతియాగో

నిబాల్దో సిద్ధం చేసుకున్న బొమ్మల్లో ఒక్కటీ చూపించలేదు. కాగితం చుట్ట తెచ్చాడు. కలం లేచిన చోటు గోడకి అంటించి, ఏం జరిగిందో పది నిమిషాల్లో చెప్పాడు. అందులో ఒక్క విశేషణం లేదు. ఆరిపోతోందని మేం రాసిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పి ఆగాడు.

కమిటీ అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ ఖాళీ చోటు ఎవరు ఎంచారు?"

"మేము," అన్నాడు నిబాల్దో.

"మేము అంటే?"

నేను వెనక వరసలో ఉన్నాను. లేచి నిలబడ్డాను. "నేను. ఈ నెల ఎనిమిదిన ఇతను మార్చి చూద్దామన్నాడు. నేను వద్దన్నాను."

నిబాల్దో వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఫలితం చెప్పారు. పోస్టు ఈ ఏడు ఎవరికీ ఇవ్వడం లేదు. మార్చిలో మళ్ళీ పిలుస్తారు. అతని ఒప్పందం అప్పటిదాకా పొడిగించారు. అది మంచో చెడో నాకు తెలియదు. తిరుగు బస్సులో ఇద్దరం వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

అక్టోబర్ 4

నిబాల్దో నాతో మాట్లాడడం లేదు. ఆఫీసులో ఈల కూడా లేదు.

అక్టోబర్ 8

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన ముక్క నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. సరి చూడమని. అందులో కొత్త నక్షత్రం గురించి రెండు వాక్యాలు. దానికి ఇంకా పేరు లేదు కాబట్టి, ఇంతకుముందు మేం వాడిన పేరు రాశాడు: ఖాళీ.

మార్చమని నేను అడగలేదు.

అక్టోబర్ 13, బుధవారం. కొండ మీద

అతను రాడనుకున్నాను. మధ్యాహ్నం బస్సులో వచ్చాడు. దోన్ రమీరోతో ఫుట్‌బాల్ గురించి గంటసేపు మాట్లాడాడు, నాతో లేదు. హీలియం నింపేటప్పుడు గొట్టం మాత్రం వచ్చి పట్టుకున్నాడు.

పొయ్యి చుట్టూ నాలుగు కొత్త చోట్లు ఎంచాను. తెల్లవారుజామున మొదటిదాని మీదికి తిప్పించాను. కలం అడుగు గీత మీద వణుకుతూ పోయింది. తర్వాతవి కూడా అంతే.

"ఖాళీ," అన్నాను. "ఇక పొయ్యికి తిప్పండి."

"ఆగండి," అన్నాడు నిబాల్దో. ఆ రోజు నాతో అన్న మొదటి మాట. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. దోన్ రమీరో వైపు తిరిగి, "మొదటి చోటికి మళ్ళీ పోనివ్వండి. బాస్ చూశారు. ఇప్పుడు నేను చూస్తాను," అన్నాడు.

దోన్ రమీరో నా వైపు చూశాడు.

"పోనివ్వండి," అన్నాను.

నాలుగూ మొదట్నుంచి చూశాడు. తొందరపడలేదు. ఎండ వచ్చింది. ఆ తర్వాతే పొయ్యిని కొలిచాం. ఎనిమిదేళ్ళ కింద ఎంత ఉందో అంతే ఉంది.